ఫొటో వ్యూయర్‌లో ప్యానెళ్లే స్క్రీన్‌నంతా ఆక్రమిస్తుంటే ఏవి ఉంచాలి, ఏవి తీయాలి, ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. జడ్చర్లలో కొత్తగా స్టూడియో పెట్టుకున్నారు. పెళ్లి ఫొటోలు ఏరడానికి 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో ఒక రోజు ఎక్స్‌ఎన్‌వ్యూ ఎంపీ, ఇంకో రోజు అడోబీ బ్రిడ్జ్ అనే సాఫ్ట్‌వేర్లు వాడుతున్నారు. స్క్రీన్ రిజల్యూషన్ 1366×768. ఎడమ పక్క ఫోల్డర్లు, కుడి పక్క ఎక్సిఫ్ వివరాలు (ఐఎస్‌ఓ, షట్టర్ లాంటి కెమెరా సెట్టింగులు), కింద ఫిల్మ్‌స్ట్రిప్ (చిన్న ఫొటోల పట్టీ) పోగా, నిలువు ఫొటో పోస్టుకార్డు కన్నా చిన్నగా కనిపిస్తోంది. ప్యానెళ్లను మూయడం, మళ్లీ తెరవడంతోనే సగం సమయం పోతోంది. పైగా ఎక్స్‌ఎన్‌వ్యూలో ప్రివ్యూ ప్యానెల్ (ఎంచుకున్న ఫొటోను పెద్దగా చూపేది) మొన్నటి నుంచి ఎటు పోయిందో తెలియడం లేదు. ఈ అవస్థకు పెద్ద మానిటర్ కొనడం తప్ప దారి లేదా అని అడిగారు.

దారి ఉంది. మానిటర్ సంగతి తరువాత చూడవచ్చు. ఒకే అమరికలో అన్ని పనులూ చేయాలనుకోవడం మానేసి, పనికొకటి చొప్పున మూడు అమరికలు చేసి పెట్టుకోండి. కింద అడ్డంగా ఉన్న ఫిల్మ్‌స్ట్రిప్‌ను పక్కకు తెచ్చి నిలువుగా పెట్టండి. ఫొటోలు ఏరే సమయంలో ఫోల్డర్ల ప్యానెల్‌ను పూర్తిగా మూసేయండి. ఈ మూడు మార్పులకు పావుగంట కంటే ఎక్కువ పట్టదు. కనిపించకుండా పోయిన ప్యానెల్‌ను రప్పించే పద్ధతి కింద రాశాను.

నల్గొండలో క్లాక్ టవర్ దగ్గర స్టూడియో నడపడం నాకిది పద్దెనిమిదో ఏడు. మొదటి ఎనిమిదేళ్లు నేను కూడా మీరు చెప్పిన స్క్రీన్ మీదే పని చేశాను కాబట్టి, ఆ అవస్థ నాకు బాగా తెలుసు.

ముందుగా ఫిల్మ్‌స్ట్రిప్ సంగతి కొంచెం లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. మీ స్క్రీన్ ఎత్తు 768 పిక్సెళ్లు. అందులో పైన మెనూ, టూల్‌బార్, కింద స్టేటస్‌బార్, విండోస్ టాస్క్‌బార్ కలిపి దాదాపు 155 పోతాయి. మిగిలింది 613. కింద 140 పిక్సెళ్ల ఫిల్మ్‌స్ట్రిప్ పెడితే ఇక మిగిలేది 473. వెడల్పు వైపు ఎడమకు 250, కుడికి 250 తీసేసినా 866 మిగులుతుంది. కెమెరా ఫొటో నిష్పత్తి సాధారణంగా 3:2. కాబట్టి అడ్డం ఫొటోను ఆ జాగాలో ఇమిడ్చితే 710×473 వస్తుంది, అంటే స్క్రీన్ వైశాల్యంలో 32 శాతం. వెడల్పులో ఇంకా 156 పిక్సెళ్లు ఖాళీగానే ఉన్నాయి, కానీ ఎత్తు అయిపోయింది కాబట్టి అవి ఎందుకూ పనికిరావు.

ఇప్పుడు ఫోల్డర్ల ప్యానెల్, ఎక్సిఫ్ ప్యానెల్ మూసి, అదే ఫిల్మ్‌స్ట్రిప్‌ను 140 పిక్సెళ్ల వెడల్పుతో ఎడమ పక్క నిలువుగా పెట్టండి. ఫొటోకు 1226×613 జాగా దొరుకుతుంది. ఫొటో 920×613 అవుతుంది, అంటే 54 శాతం. ల్యాప్‌టాప్ అదే, సాఫ్ట్‌వేర్ అదే, ఫొటో వైశాల్యం మాత్రం 68 శాతం పెరిగింది. పెళ్లిపిల్ల ఒంటరిగా నిలబడిన నిలువు ఫొటోలకు కూడా పెరుగుదల సరిగ్గా ఇంతే, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ ఫొటోను ఆపుతున్నది ఎత్తే. ఇంకో మాటలో చెప్పాలంటే, ఈ కాలపు వెడల్పాటి స్క్రీన్లలో ఎత్తు కరువు, వెడల్పు పుష్కలం. పైనా కిందా పెట్టే ప్రతి పట్టీ ఫొటోను కుదిస్తుంది, పక్కన పెట్టేది చాలాసార్లు ఖాళీ జాగానే వాడుకుంటుంది. టాస్క్‌బార్‌ను కూడా తనంతట తాను దాక్కునేటట్లు విండోస్ సెట్టింగ్స్‌లో మార్చుకుంటే మరో 40 పిక్సెళ్లు కలిసి వస్తాయి.

మీ దగ్గర కాకపోయినా, ఇది చదివే వేరేవారి దగ్గర 1920×1080 ల్యాప్‌టాప్ ఉండి ఇదే బాధ పడుతుంటే, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేలింగ్ (అక్షరాలను, బొమ్మలను పెంచి చూపే శాతం) ఎంత ఉందో ఒకసారి చూడండి. అది 150 శాతం మీద ఉంటే మెనూలకు, ప్యానెళ్లకు దొరికే జాగా 1280×720 స్క్రీన్‌తో సమానం, అంటే 1366×768 స్క్రీన్ కన్నా కూడా తక్కువ. 125కు తగ్గిస్తే అక్షరాలు కొంచెం చిన్నవైనా ఊపిరాడుతుంది.

ఇక మూడు అమరికల విషయానికి వస్తాను. ఏ ప్యానెల్ ఉండాలి, ఏది పోవాలి అనేది సాఫ్ట్‌వేర్‌ను బట్టి నిర్ణయించకూడదు, ఆ సమయంలో మనం తీసుకునే నిర్ణయాన్ని బట్టి చేయాలి. పెళ్లి పనిలో ఆ నిర్ణయాలు మూడు రకాలు.

మొదటిది, కార్డులు దింపుకొని సరిచూసుకునే దశ. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, నాలుగు కార్డులు, మైలపోలు నుంచి అప్పగింతల దాకా రెండు మూడు రోజుల ఫైళ్లు. ఇక్కడ ఫొటో పెద్దగా కనిపించనవసరం లేదు. అన్ని ఫైళ్లూ వచ్చాయా, రెండు కెమెరాల గడియారాలూ కలుస్తున్నాయా, ఏ ఫోల్డర్‌లో ఏది పడింది అన్నవే ప్రశ్నలు. కాబట్టి ఫోల్డర్ల ప్యానెల్, థంబ్‌నెయిల్స్ (ఫొటోల చిన్న బొమ్మలు), తేదీ సమయం చూపే మెటాడేటా ప్యానెల్ ఉంచి, ప్రివ్యూను మూసేస్తాను. అంతే.

రెండోది ఏరే దశ. పని అంతా ఇక్కడే ఉంది కాబట్టి దీని గురించి ఎక్కువ రాస్తున్నాను. జీలకర్ర బెల్లం పెట్టే ఆ ఒక్క నిమిషానికి నలభై ఫ్రేములు ఉంటాయి. వాటిలో కళ్లు మూసుకున్నవి, పురోహితుడి చెయ్యి అడ్డం వచ్చినవి, వీడియో లైటు మొహం మీద పడి తెల్లబోయినవి తీసేసి మూడు ఉంచాలి. ఈ నిర్ణయానికి ఎక్సిఫ్ ఎందుకు? ఐఎస్‌ఓ 3200 అయినా 1600 అయినా, కళ్లు మూసుకుంటే ఆ ఫొటో పోవాల్సిందే. ఫోల్డర్ల పేర్లెందుకు? మనం ఉన్నది ఒకే ఫోల్డర్‌లో. కాబట్టి ఈ అమరికలో పక్కన సన్నటి నిలువు ఫిల్మ్‌స్ట్రిప్, మిగిలినదంతా ప్రివ్యూ, ఇంకేమీ ఉండదు. స్టార్ రేటింగ్ థంబ్‌నెయిల్ కిందే కనిపిస్తుంది కాబట్టి దానికి వేరే ప్యానెల్ అక్కరలేదు.

ఇదంతా వద్దనుకుని ఫుల్‌స్క్రీన్‌లోనే ఏరితే సరిపోదా అని మీరు అడగవచ్చు. ఒక్కొక్క ఫొటో విడిగా తీసినప్పుడు సరిపోతుంది. కానీ వరసగా తీసిన నలభై ఫ్రేముల్లో ఏది మంచిదన్నది ముందు వెనక ఫ్రేములను బట్టి తేలుతుంది. పక్కన ఐదారు థంబ్‌నెయిల్స్ కనిపిస్తూ ఉంటే, ఇంకా ఎంత వరస మిగిలింది, ముందున్నది దీనికన్నా బాగుందా అని చూపు తిప్పితే తెలిసిపోతుంది. అందుకే ఫిల్మ్‌స్ట్రిప్ ఒక్కటీ నేను వదులుకోలేదు. బ్రిడ్జ్‌లో అయితే కంట్రోల్ పట్టుకుని నాలుగైదు థంబ్‌నెయిల్స్ ఎంచుకుంటే అవన్నీ ప్రివ్యూ ప్యానెల్‌లో పక్కపక్కన వస్తాయి. తొమ్మిది దాకా చూపిస్తుంది, అయితే మీ స్క్రీన్ మీద నాలుగు దాటితే ప్రయోజనం లేదు.

ఒక హెచ్చరిక. ప్రివ్యూ ఎంత పెద్దదైనా దానిలో ఫోకస్ తేల్చకండి. 24 మెగాపిక్సెళ్ల ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు. దాన్ని 920లో చూస్తున్నారంటే ఆరున్నర రెట్లు కుదించి చూస్తున్నట్లు. అంత కుదించిన తరువాత కొద్దిగా తప్పిన ఫోకస్ కూడా పదునుగానే కనిపిస్తుంది. తీరా ఆల్బమ్ షీటులో పెద్దదిగా వేసినప్పుడు పెళ్లికొడుకు కళ్లు మెత్తగా, వెనక ఉన్న అరటి ఆకు పదునుగా బయటపడుతుంది. బ్రిడ్జ్ ప్రివ్యూలో ముఖం మీద క్లిక్ చేస్తే లూప్ అనే భూతద్దం తెరుచుకుని ఆ ముక్కను నూరు శాతంలో చూపిస్తుంది. ఫాస్ట్‌స్టోన్ అనే ఇంకో ఫొటో వ్యూయర్‌లో ఫొటో మీద మౌస్ నొక్కి పట్టుకుంటే పెద్దదవుతుంది. ఏరేటప్పుడు ఎడమ చెయ్యి కీబోర్డు మీద, కుడి చెయ్యి దీనికోసం మౌస్ మీద ఉండాలి.

మూడోది, కస్టమర్లను కూర్చోబెట్టి ఆల్బమ్‌కు ఎంపిక చేయించే దశ. దీనికి విడిగా అమరిక ఎందుకో ఒక అనుభవం చెబితే మీకే తెలుస్తుంది. ఫోల్డర్ పేరు చివర ఆ పెళ్లివారు ఇవ్వాల్సిన బాకీ రాసుకోవడం నాకు అప్పట్లో అలవాటు. దేవరకొండ వైపు నుంచి ఒక కుటుంబం ఎంపికకు వచ్చింది. అమ్మాయి తల్లిదండ్రులు, మేనమామ, ఇద్దరు పిల్లలు. నేను ఫొటోలు తిప్పుతుంటే మేనమామ ఫొటోల కన్నా ఎడమ పక్క ఫోల్డర్ల వరసను శ్రద్ధగా చదివి, "మా తోడల్లుడు ఇంకా పద్దెనిమిది వేలు ఇయ్యాల్నా నీకు?" అని అడిగాడు. ఆ తోడల్లుడి బిడ్డ పెళ్లి అంతకు ముందు సంవత్సరం నేనే తీశాను. ఆ డబ్బు రెండు రోజుల్లో వచ్చింది, కానీ ఆ ఇంటి నుంచి మళ్లీ పని రాలేదు. తప్పు పూర్తిగా నాదే. ఆనాటి నుంచి ఫోల్డర్ పేర్లలో అంకెలు రాయడం మానేశాను, కస్టమర్ ఎదుట ఫోల్డర్ల ప్యానెల్ తెరవడమూ మానేశాను.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ వైరుతో టీవీ తగిలించి, విండోస్ కీతో పాటు పి నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకుంటాను. డూప్లికేట్ ఎంచుకుంటే నా ప్యానెళ్లన్నీ వాళ్లకూ కనిపిస్తాయి. బ్రిడ్జ్ విండో మెనూలో న్యూ సింక్రనైజ్డ్ విండో అని ఉంటుంది. దానితో రెండో విండో తెరిచి టీవీ మీదకు జరిపి, అందులో ప్రివ్యూ ఒక్కటే ఉంచుతాను. నా వైపు థంబ్‌నెయిల్స్, ఫిల్టర్ ఉంటాయి. నేను ఇక్కడ ఏ ఫొటో మీద క్లిక్ చేస్తే అది అక్కడ పెద్దగా వస్తుంది. అడోబీ వారిదే ఇంకో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవారికి ఎఫ్‌11 నొక్కితే రెండో స్క్రీన్ విండో ఇలాగే తెరుచుకుంటుంది.

బ్రిడ్జ్‌లో ఈ మూడింటినీ దాచుకోవడం సులభం. ప్యానెల్ పేరున్న ట్యాబ్‌ను పట్టుకుని కావలసిన నిలువు వరసలోకి లాగండి. కంటెంట్ ప్యానెల్‌ను (థంబ్‌నెయిల్స్ ఉండేది) ఎడమ వరసలోకి లాగి, రెండు వరసల మధ్య గీతను జరుపుతూ అది ఒక్క థంబ్‌నెయిల్ వెడల్పుకు వచ్చేదాకా కుదించండి. ప్రివ్యూను మధ్యలోకి తెండి. కుడి వరసను అంచు దాకా నెట్టేయండి. ఆ తరువాత విండో మెనూలో వర్క్‌స్పేస్ (బ్రిడ్జ్‌లో అమరికకు పేరు ఇదే), అందులో న్యూ వర్క్‌స్పేస్ తెరిచి పేరు పెట్టండి. నేను దింపుడు, ఏరుడు, కస్టమర్ అని మూడు పేర్లు పెట్టుకున్నాను. అక్కడే విండో స్థానం కలిపి దాచాలా, సార్టింగ్ క్రమం కలిపి దాచాలా అని రెండు టిక్కులు అడుగుతుంది. సార్టింగ్ టిక్కు మాత్రం ఆలోచించి పెట్టండి. రెండు కెమెరాల ఫొటోలను తీసిన సమయం ప్రకారం వరస పెట్టుకున్న తరువాత వర్క్‌స్పేస్ మార్చితే, దానిలో దాగిన ఫైల్ పేరు క్రమం వచ్చి పడి తలంబ్రాల మధ్యలో భోజనాల ఫొటోలు దూరుతాయి.

అదే బ్రిడ్జ్‌లో ఇంకో రెండు చిన్న సదుపాయాలు. థంబ్‌నెయిల్ కింద ఫైల్ పేరు, తేదీ వరసలు జాగా తింటుంటే కంట్రోల్ టి నొక్కండి, స్టార్లతో సహా అన్నీ దాక్కుని ఒట్టి థంబ్‌నెయిల్స్ మిగులుతాయి. స్టార్ ఇవ్వడానికి ప్రతిసారీ కంట్రోల్ పట్టుకుని అంకె నొక్కడం విసుగనిపిస్తే, ప్రిఫరెన్సెస్‌లో లేబుల్స్ అనే పేజీలో కంట్రోల్ కీ తప్పనిసరి అన్న టిక్కు తీసేయండి. ఒక్క అంకె నొక్కితే చాలు. రెండున్నర వేల ఫొటోలు ఏరేటప్పుడు ఇది ఎంత ఆదా చేస్తుందో మీ చిటికెన వేలే చెబుతుంది.

ఎక్స్‌ఎన్‌వ్యూ ఎంపీలో వ్యూ మెనూ కింద లేఅవుట్ అని ముందే తయారుచేసిన నమూనాలు ఉంటాయి. వాటిలో మీకు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుని, ప్యానెళ్ల శీర్షికలను పట్టుకుని జరుపుకోండి. ఒక ప్యానెల్‌ను ఇంకోదాని మీద సరిగ్గా వదిలితే రెండూ ఒకే జాగాలో ట్యాబ్‌లుగా కలుస్తాయి. మీ చిన్న స్క్రీన్‌కు ఇది చాలా ఉపయోగం. ఫోల్డర్లు, ఫేవరిట్లు, ఇన్ఫో మూడూ మూడు చోట్ల ఉండనవసరం లేదు, ఒకే చోట ట్యాబ్‌లుగా పడి ఉంటాయి. థంబ్‌నెయిల్ మీద ఎంటర్ నొక్కితే ఫొటో పూర్తి విండోలో తెరుచుకుంటుంది కాబట్టి, అసలు ప్రివ్యూ ప్యానెలే వద్దనుకుని థంబ్‌నెయిల్స్‌తో పని సాగించేవాళ్లు కూడా ఉన్నారు. ఎక్సిఫ్ కావలసిన వారికి ఫుల్‌స్క్రీన్‌లో ఫొటో మీదే అక్షరాలుగా చూపించే సదుపాయం ఉంది. ఒక వరస అక్షరాల కోసం 250 పిక్సెళ్ల ప్యానెల్ ఎందుకు?

ఒక్క ప్యానెల్ గురించి మాత్రం నా అభిప్రాయం వేరు. హిస్టోగ్రామ్‌ను, అంటే ఫొటోలో చీకటి నుంచి వెలుతురు దాకా ఏది ఎంత ఉందో చూపే గ్రాఫ్‌ను, అనవసరమని చాలామంది మూసేస్తారు. ఏరేటప్పుడు నేనూ మూస్తాను, కానీ కార్డు దింపిన వెంటనే ఓసారి చూస్తాను. ఎర్ర పట్టుచీర మీద, పసుపు రాసిన మొహాల మీద, ఎల్‌ఈడీ వెలుగులో తీసిన ఫొటోల్లో మొత్తం వెలుతురు సరిగ్గానే ఉన్నట్లు కనిపిస్తూ ఎరుపు ఛానెల్ ఒక్కటీ కుడి గోడకు, అంటే వెలుతురు హద్దుకు, కొట్టుకుని ఉంటుంది. అప్పుడు చీర మీద జరీ, మడతలు కలిసిపోయి ఒకే ఎర్రటి ముద్దగా వస్తాయి. తెల్లటి ఒంటి గీత హిస్టోగ్రామ్‌లో ఇది తెలియదు, మూడు రంగులూ విడిగా చూపేది కావాలి. ఎక్స్‌ఎన్‌వ్యూలో ఇన్ఫో ప్యానెల్‌లోనే హిస్టోగ్రామ్ ట్యాబ్ ఉంటుంది. బ్రిడ్జ్‌లో పని చేస్తున్నప్పుడు అలాంటి ఫొటోను కెమెరా రా అనే అడోబీ సవరణ విండోలో తెరిచి చూసుకుంటాను.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త. మూసేసిన ప్యానెల్ కనిపించదే తప్ప, దానిలో మీరు పెట్టిన టిక్కు పని చేస్తూనే ఉంటుంది. నా దగ్గర పని చేసే అబ్బాయి ఒక వైశాఖ మాసంలో, వరసగా మూడు పెళ్లిళ్లు ఉన్న వారంలో, పొద్దున్నే ఫోన్ చేసి, "అన్నా, చెర్వుగట్టు పెండ్లి ఫొటోలు అన్నీ పోయినయ్, నలభై ఏడే ఉన్నయ్" అన్నాడు. నేను స్టూడియోకు చేరేలోపు వాడు కార్డును రీడర్‌లో పెట్టి రికవరీ సాఫ్ట్‌వేర్ నడపడం కూడా మొదలుపెట్టాడు. చూస్తే ముందురోజు రాత్రి బ్రిడ్జ్ ఫిల్టర్ ప్యానెల్‌లో మూడు స్టార్ల దగ్గర టిక్కు పెట్టాడు, ఫోల్డర్ మారినా ఫిల్టర్ అలాగే ఉండేలా కింద ఉన్న పిన్ను గుర్తు కూడా నొక్కాడు, ఆపై జాగా కోసం ఆ ప్యానెల్‌ను మూసేశాడు. ఫొటోలు ఎక్కడికీ పోలేదు. టిక్కు తీయగానే మొత్తం 1,900 పైచిలుకు వచ్చేశాయి. అందుకే ఫిల్టర్‌తో పని ఉన్నంతసేపు ఆ ప్యానెల్‌ను మూయకండి, మూసేముందు టిక్కులన్నీ తీసేయండి. ఫొటోలు తగ్గినట్లు అనుమానం వస్తే మొదట విండో అంచున కనిపించే ఫైళ్ల సంఖ్యను, అసలు ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోని సంఖ్యతో పోల్చి చూడండి. ఆ తరువాతే రికవరీ గురించి ఆలోచించండి.

దీనికి సరిగ్గా వ్యతిరేకం ఫోల్డర్ల ప్యానెల్. అది తెరిచి ఉండడమే ప్రమాదం. ఏరుతూ ఏరుతూ నిద్రమత్తులో థంబ్‌నెయిల్స్‌ను లాగి పొరపాటున ఏదో ఫోల్డర్ పేరు మీద వదిలితే, ఫొటోలు ఆ ఫోల్డర్‌లోకి తరలిపోతాయి. ఒక పెళ్లివారి ఒడిబియ్యం ఫొటోలు ముప్పై దాకా వేరే వారి పుట్టినరోజు ఫోల్డర్‌లో దొరికాయి నాకు, అది కూడా నెల తరువాత. ఎక్కువగా తెరిచే నాలుగైదు ఫోల్డర్లను ఫేవరిట్స్‌లో చేర్చుకుంటే ఫోల్డర్ల పెద్ద జాబితాతో పనే ఉండదు.

ప్యానెల్ కనిపించకుండా పోవడానికి సాధారణంగా మూడు కారణాలు. ఒకటి, ట్యాబ్ కీ. బ్రిడ్జ్‌లో ట్యాబ్ నొక్కితే మధ్య ప్యానెల్ తప్ప అన్నీ దాక్కుంటాయి, మళ్లీ నొక్కితే వస్తాయి. లైట్‌రూమ్‌లో ట్యాబ్ నొక్కితే పక్క ప్యానెళ్లు, షిఫ్ట్ ట్యాబ్ నొక్కితే నాలుగు వైపులవీ పోతాయి. కీబోర్డు దుమ్ము తుడిచినప్పుడల్లా ఇది జరుగుతుంది. రెండోది, ప్యానెల్ సున్నా వెడల్పుకు కుదించుకుపోవడం. అంచు దగ్గర మౌస్ పెడితే బాణం గుర్తు రెండు వైపులకు మారుతుంది, పట్టుకుని లాగండి. మూడోది, టీవీ తగిలించి ఉన్నప్పుడు విడిగా తేలే ప్యానెల్‌ను దాని మీదకు జరిపి, తరువాత వైరు తీసేయడం. ఆ ప్యానెల్ ఇప్పుడు తగిలించి లేని స్క్రీన్ మీదే తేలుతూ ఉంటుంది. మీరు ఎక్స్‌ఎన్‌వ్యూలో ప్రివ్యూ పోయిందన్నారు కాబట్టి, ముందు వ్యూ మెనూలో ప్రివ్యూకు టిక్కు ఉందో లేదో చూడండి. ఉన్నా కనిపించకపోతే లేఅవుట్ నమూనాల్లో ఏదో ఒకదాన్ని మళ్లీ ఎంచుకోండి, అన్నీ మొదటి స్థానాలకు వస్తాయి. బ్రిడ్జ్‌లో అయితే వర్క్‌స్పేస్ మెనూలోనే రీసెట్ ఉంది. అది కూడా పని చేయకపోతే కంట్రోల్ కీ పట్టుకుని బ్రిడ్జ్‌ను తెరవండి. రీసెట్ చేయాలా అని అడిగే పెట్టెలో స్టాండర్డ్ వర్క్‌స్పేస్‌ల టిక్కు ఒక్కటే పెట్టండి. థంబ్‌నెయిల్ క్యాష్ టిక్కు కూడా పెట్టారంటే, హార్డ్‌డిస్కులో ఉన్న పెళ్లిళ్లన్నిటికీ థంబ్‌నెయిల్స్ మళ్లీ తయారయ్యేదాకా టీ తాగి వస్తూ ఉండాలి. దీనికోసం సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించనవసరం ఎప్పుడూ లేదు.

చక్కగా అమర్చుకున్న తరువాత దానికి ఒక నకలు తీసి పెట్టుకోండి. ఒకసారి ఆల్బమ్ డెలివరీ ముందురోజు నేను వాడే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయి అమరికంతా మొదటికి వచ్చింది, షార్ట్‌కట్లు కూడా పోయాయి. ఎక్స్‌ఎన్‌వ్యూ ఎంపీ తన అమరికలను విండోస్ యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటా, రోమింగ్ కింద తన పేరుతోనే ఉన్న ఫోల్డర్‌లో దాచుకుంటుంది. ఇన్‌స్టాల్ చేయకుండా పోర్టబుల్ పద్ధతిలో వాడితే ప్రోగ్రాం ఉన్న చోటే ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా మూసేసి ఆ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. తెరిచి ఉండగా కాపీ చేస్తే ఆఖరి మార్పులు రాకపోవచ్చు, ఎందుకంటే మూసేటప్పుడే అది వాటిని రాసుకుంటుంది.

రంగు గురించి ఒక మాట. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో ప్యానెళ్లు, ఫొటో చుట్టూ నేపథ్యం నల్లగా ఉండడం ఆనవాయితీ అయింది. కంటికి హాయిగానే ఉంటుంది, కానీ నలుపు మధ్యలో ఏ ఫొటో అయినా ఉన్నదానికన్నా వెలుతురుగా కనిపిస్తుంది. మనం బాగుందనుకుని పంపితే, ల్యాబ్ నుంచి తెల్లటి అంచులతో వచ్చిన ప్రింటులో అదే ఫొటో మబ్బుగా ఉంటుంది. బ్రిడ్జ్ ప్రిఫరెన్సెస్‌లో ఇంటర్‌ఫేస్ కింద ఫొటో నేపథ్యాన్ని జరిపే పట్టీ ఉంటుంది, దాన్ని మధ్యస్థ బూడిద రంగు దగ్గర పెట్టండి. ఎక్స్‌ఎన్‌వ్యూలోనూ నేపథ్య రంగు మార్చుకోవచ్చు.

మీరు రెండు సాఫ్ట్‌వేర్లు మార్చి మార్చి వాడుతున్నానన్నారు, అది నాకు నచ్చలేదు. బ్రిడ్జ్‌లో ఇచ్చిన స్టార్లు ఎక్స్‌ఎంపీ (ఫొటో వివరాలు రాసుకునే ఒక పద్ధతి) రూపంలో ఫొటోతోనే ఉంటాయి. జేపెగ్ అయితే ఫైల్ లోపల, రా (కెమెరా ఇచ్చే ముడి ఫైల్) అయితే పక్కన చిన్న ఫైల్‌గా ఉంటాయి. ఎక్స్‌ఎన్‌వ్యూ ఎంపీ మాత్రం సెట్టింగ్స్‌లో మనం చెప్పకపోతే రేటింగ్‌ను తన సొంత డేటాబేస్‌లో దాచుకుంటుంది. అంటే అక్కడ రాత్రంతా కూర్చుని ఇచ్చిన స్టార్లు తెల్లవారి బ్రిడ్జ్ ఫిల్టర్ ప్యానెల్‌లో కనిపించకపోవచ్చు. స్టార్లు ఇచ్చే పని బ్రిడ్జ్‌లోనే పెట్టుకుని, ఎవరైనా పెన్‌డ్రైవ్ తెచ్చినప్పుడు చకచకా చూడడానికి రెండోదాన్ని ఉంచుకోండి. బ్రిడ్జ్‌కు నెలవారీ చందా కట్టనవసరం లేదు, అడోబీ ఖాతా ఉంటే చాలు. ఎక్స్‌ఎన్‌వ్యూ ఎంపీ, ఫాస్ట్‌స్టోన్, ఇర్ఫాన్‌వ్యూ మూడూ సొంత వాడకానికి ఉచితం, స్టూడియోలో డబ్బు సంపాదించే పనికి వాడితే లైసెన్సు కొనాలి. ఖర్చు లేకుండా వ్యాపారానికి కూడా వాడుకోవాలంటే డిజికామ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. దాని ప్యానెళ్లు రెండు పక్కలా నిలువు ట్యాబ్‌లుగా ముడుచుకుని ఉంటాయి కాబట్టి మీ స్క్రీన్‌కు అది కూడా నప్పుతుంది.

లైట్‌రూమ్ క్లాసిక్ తీసుకోవాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. దానిలో ప్యానెళ్లను కోరిన వైపుకు లాగే స్వేచ్ఛ లేదు, ఎడమవి ఎడమనే, కుడివి కుడినే. దాచుకోవడమే మన చేతిలో ఉంది. ఎఫ్‌5 పైదానికి, ఎఫ్‌6 ఫిల్మ్‌స్ట్రిప్‌కు, ఎఫ్‌7 ఎడమకు, ఎఫ్‌8 కుడికి. అంచు మీద రైట్ క్లిక్ చేసి మాన్యువల్ పెట్టుకోండి, లేకపోతే మౌస్ అంచుకు వెళ్లినప్పుడల్లా ప్యానెల్ ఎగిరి వచ్చి ఫొటోను కప్పుతుంది.

ఇక మానిటర్. ఈ అమరికలతో ఒక పెళ్లి పూర్తిగా ఏరి చూడండి. అప్పటికీ ఫొటో చిన్నదనిపిస్తే 1920×1080 ఉన్న 24 అంగుళాల ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం) మానిటర్ తీసుకుని, థంబ్‌నెయిల్స్ ల్యాప్‌టాప్ మీద, ప్రివ్యూ మానిటర్ మీద ఉంచండి. ఆ రోజు మూడు వర్క్‌స్పేస్‌లనూ మళ్లీ అమర్చి మళ్లీ దాచుకోవాల్సి ఉంటుంది, ఎందుకంటే పాతవాటిలో ఉన్న స్థానాలు చిన్న స్క్రీన్‌వి. పాత మూడింటినీ చెరిపేయకండి. కస్టమర్ ఇంటికి ల్యాప్‌టాప్ ఒక్కటే పట్టుకుని వెళ్లే రోజున అవే కావాలి.